రావణుడు ఎవరిచేత చంపబడెను?
(ప్యాసివ్ వాయిస్ చెప్పే పద్ధతి గురించి కొన్ని మాటలు)

“యీ క్రింది వాక్యములను ప్యాసివ్ వాయిస్ లోనికి మార్చుము.”

ఇంగ్లీషు ప్రశ్నపత్రంలో యీ ప్రశ్న కనిపిస్తే మన విద్యార్థులకు భయం వెయ్యదు. పైగా ప్రాణం లేచి వస్తుంది. వ్యాసం రాయమంటే చెమటలు పడతాయి, ‘ఎ’ ఎక్కడ పెట్టాలో ‘ది’ ఎక్కడ పెట్టాలో ఎంతకీ తేలదు. వాయిస్ మాత్రం గ్యారంటీ సరుకు. ‘రామా కిల్డ్ రావణా’ అని ఇస్తే చాలు, అటుది ఇటు వేసి, ఇటుది అటు వేసి, మధ్యలో ఒక ‘వాజ్’, ఒక ‘బై’ తగిలించి, ‘రావణా వాజ్ కిల్డ్ బై రామా’ అని రాసి పారేస్తారు. అయిదుకి అయిదు మార్కులు.

ఆ అయిదు మార్కులు తెచ్చుకున్నవాడే డిగ్రీ చేత పట్టుకుని ఉద్యోగానికి అర్జీ పెడుతూ ‘ఐ సెలెక్టెడ్ ఫర్ ది కబడ్డీ టీమ్’ అని రాస్తాడు. అతను చెప్పదలచుకున్నది ‘నేను కబడ్డీ టీముకి సెలెక్టయ్యాను’ అని. అర్జీ చదివే ఆఫీసరుకి తోచేది వేరు: యితను టీముకి ఎవరినో ఎంపిక చేశాడు కాబోలు, ఎవరినో రాయటం మరిచిపోయాడు! అక్కడ కావలసింది ‘ఐ వాజ్ సెలెక్టెడ్’. పరీక్షలో అంత గట్టిగా పలికిన వాయిస్, అసలు అవసరం వచ్చిన చోట నోరు మెదపలేదన్నమాట.

ఎందుకిలా జరుగుతుందనేదే యీ వ్యాసం. ప్యాసివ్ వాయిస్‌ని మనం మార్పిడి లెక్కగా నేర్పుతున్నాం. అది ఏ పనికోసం వుందో, ఆ పనినే మనం తెలుగులో రోజూ దేనితో చేసుకుంటున్నామో చెప్పటం లేదు. రేపు మీలో కొందరు బి.ఇడి. చేసి టీచర్లవుతారు. కొందరు ఇప్పటికే హాస్టలు ఖర్చుల కోసం చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటున్నారు. కనుక యిది మీకు ఊసుపోక చెప్పే కబురు కాదు.

మార్పిడి లెక్క అందరికీ తెలిసిందే. కర్మను తెచ్చి ముందు కూర్చోబెట్టు. క్రియకు మూడో రూపం వెయ్యి. దాని ముందు కాలానికి తగిన ‘బీ’ రూపం పెట్టు. కర్తకు ‘బై’ తగిలించి చివరికి నెట్టు. లెక్కలో తప్పేమీ లేదు. కాని తరగతిలో చురుకైన కుర్రాడెవడైనా లేచి “సార్, రెండు వాక్యాలకీ అర్థం ఒకటే అయినప్పుడు రెండోది దేనికండీ?” అని అడిగితే, చాలా తరగతుల్లో దొరికే జవాబు ఒక్కటే: “పరీక్షలో వస్తుంది, రాసుకో.”

అర్థం వదిలేసి లెక్క మీదే పడ్డాక ఎక్కడి దాకా పోతామో చూడండి. ‘ఓపెన్ ది డోర్’ అన్నదాన్ని ‘లెట్ ది డోర్ బి ఓపెన్డ్’ అని మార్పిస్తాం. తెలుగులో చెబితే ‘తలుపు తెరవబడుగాక’. ‘డ్రింక్ ది మిల్క్’ అయితే ‘పాలు త్రాగబడుగాక’. బిడ్డకు పాలిస్తూ ఏ తల్లీ అలా అనదు. ఇంగ్లండులో తల్లి అసలే అనదు. ‘ఐ ఈట్ ఎ మ్యాంగో’ అనే చక్కని మాటని ‘ఎ మ్యాంగో ఈజ్ ఈటెన్ బై మి’ చేసి మామిడిపండు రుచంతా పాడుచేస్తాం. పరీక్ష హాలు దాటితే యీ వాక్యాలకి మనుగడ లేదు.

ఇందుకు పుస్తకాన్ని తిట్టి లాభం లేదు. మన తాతల కాలం నుంచి చేతులు మారుతున్న రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణమే తీసుకోండి. చేసినవాడు ఎవరో చెప్పటానికి ‘సమ్‌బడీ’ లాంటి డొల్ల మాట తప్ప మరేమీ లేనప్పుడు ప్యాసివ్ మేలని అందులోనే చెప్పారు. ఆ నాలుగు ముక్కలు దాటేసి నేరుగా అభ్యాసానికి పోవటం మన అలవాటు. మార్కులు అభ్యాసానికి గదా!

ఇక అసలు సంగతి. ఇంగ్లీషుకి ప్యాసివ్ ఎందుకు కావలసి వచ్చింది?

తెలుగులో ‘రాముడు రావణుణ్ణి చంపాడు’ అనవచ్చు. ‘రావణుణ్ణి రాముడు చంపాడు’ అనవచ్చు. ‘చంపాడయ్యా రాముడు రావణుణ్ణి!’ అని హరిదాసుగారు చిరతలు వాయించి చెప్పవచ్చు. ఎలా చెప్పినా చచ్చింది రావణుడే. చచ్చేవాడి మెడలో ద్వితీయా విభక్తి అనే బిళ్ళ వేలాడుతోంది కాబట్టి వాణ్ణి వాక్యంలో ఏ మూల కూర్చోబెట్టినా పోల్చుకుంటాం.

ఇంగ్లీషుకి ఆ బిళ్ళలు లేవు. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో నామవాచకాలకు విభక్తి రూపాలుండేవి. కాలక్రమాన అవి అరిగిపోయాయి. ‘హి’కి ‘హిమ్’, ‘దే’కి ‘దెమ్’ అని సర్వనామాల దగ్గర మాత్రం కాస్త మిగిలాయి. అంచేత ఇంగ్లీషులో ఎవరు కర్త, ఎవరు కర్మ అనేది కూర్చున్న చోటుని బట్టి తేలుతుంది. బస్సులో స్టీరింగు ముందు కూర్చున్నవాడే డ్రైవరని మనం అనుకోవటం లేదూ, అలాగ. ‘రావణా కిల్డ్ రామా’ అన్నారా, రామాయణం తలకిందులైపోతుంది. రావణుణ్ణి ముందు సీటులో కూర్చోబెట్టాలి, కథ మాత్రం మారకూడదు అంటే ఒకటే దారి: క్రియ వేషం మార్చి, యీ ముందువాడు పని చేసినవాడు కాడు, పడ్డవాడు అని చెప్పాలి. ఆ వేషమే ప్యాసివ్ వాయిస్. మనం ఒక్క ‘ణ్ణి’తో జరుపుకునే పనికి వాళ్ళు ‘వాజ్ కిల్డ్’ అని రెండు మాటలు ఖర్చు పెడుతున్నారు.

అయితే అంత ఖర్చు పెట్టి పడ్డవాణ్ణి ముందుకు తేవటం దేనికి? ఇది వాక్యాన్ని ఒంటరిగా పట్టుకుని కూర్చుంటే తెలియదు. పక్క వాక్యంతో కలిపి చూడాలి. 

చార్మినార్ గురించి నాలుగు ముక్కలు చెబుతున్నామనుకోండి. ‘చార్మినార్ హైదరాబాదు పాతబస్తీలో వుంది. దాన్ని 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. దానికి నాలుగు మూలలా నాలుగు మినార్లున్నాయి.’ ఇక్కడ మాట చార్మినార్ గురించి నడుస్తోంది. అందుకే రెండో వాక్యాన్ని ‘దాన్ని’ అని మొదలుపెట్టాం. ఇంగ్లీషులో అదే ధార నిలవాలంటే ‘ఇట్ వాజ్ బిల్ట్ ఇన్ 1591 బై మహమ్మద్ కులీ కుతుబ్ షా’ అనాలి. అలా కాకుండా కుతుబ్‌షాహీ సుల్తానుల చరిత్ర చెబుతూ కులీ దగ్గరికి వచ్చామనుకోండి, అప్పుడు ‘హి బిల్ట్ ది చార్మినార్ ఇన్ 1591’. రెండూ ఒప్పే. ఒకదాని చోట ఇంకోటి పెడితే వ్యాకరణం తప్పు కాదు గాని, మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి మొహం పక్కకి తిప్పినట్టుంటుంది. (ఇంగ్లీషువాడు సుల్తానే ‘బిల్ట్’ అంటాడు, రాళ్ళు మోసినట్టు. మన తెలుగు ‘కట్టించాడు’ అని తాపీవాళ్ళకి కూడా వాటా మిగిల్చింది. ఇది పరీక్షలో రాదు.)

యీ ఒక్క ఉదాహరణలోనే టీచరు పట్టుకోవలసిన కీలకం వుంది. ‘ఇట్ వాజ్ బిల్ట్ బై కులీ’ అన్నదానికి తెలుగు ‘అది కులీచే నిర్మింపబడెను’ కాదు. ‘దాన్ని కులీ కట్టించాడు’. అంటే ఇంగ్లీషు ప్యాసివ్‌కి తెలుగు జోడీ చాలాసార్లు తెలుగు యాక్టివే. తరగతిలో మొదటి రోజే ‘చంపబడెను, తినబడెను’ అని బోర్డు మీద రాశామా, పిల్లవాడికి ప్యాసివ్ అంటే మనుషులు మాట్లాడని భాష అని ముద్ర పడిపోతుంది.

తెలుగులో కర్మణి ప్రయోగం లేదని కాదు. సంస్కృతంలో కర్తరి, కర్మణి, భావే అని మూడు ప్రయోగాలున్నాయి. ‘రామేణ రావణః హతః’ అంటే అక్కడి వాడికి సహజంగానే వుంటుంది. కర్మ లేని క్రియకు కూడా ‘బాలేన హస్యతే’ అంటారు, పిల్లవాడిచేత నవ్వబడుతోంది అని. సంస్కృత గ్రంథాలకు తెలుగు టీక చెప్పినవాళ్ళు, ఆ తర్వాత ఇంగ్లీషు కాగితాలను తెలుగు చేసినవాళ్ళు ‘పడు’ ధాతువు చేర్చి యీ పని నడిపించారు. అది ఎక్కడ స్థిరపడిందో చూడాలంటే ఊళ్ళో ఒకసారి తిరిగి బోర్డులు చదివితే సరి. ‘ఇచ్చట వాచీలు రిపేరు చేయబడును.’ ‘ఇచ్చట కుట్టుపని నేర్పబడును.’ ‘ఫలానా మంత్రివర్యులచే శంకుస్థాపన గావించబడినది.’ శంకుస్థాపన రాయి మీద తప్పకుండా ‘చే’ వుంటుంది. ఆయన పేరు కోసమేగా ఆ రాయి! ఆ వాచీ కొట్టాయన ఇంటికెళ్ళి భార్యతో ‘నేడు నాచేత నాలుగు వాచీలు రిపేరు చేయబడినవి’ అనడు. ‘నాలుగు వాచీలు బాగుచేశానే’ అంటాడు.

ఇంట్లో, వీధిలో మన తెలుగు వేరే దారులు తొక్కుతుంది. కొట్టబడ్డాడు అనం, దెబ్బలు తిన్నాడు అంటాం. తిట్లు తిన్నాడు, చీవాట్లు తిన్నాడు. మాట పడ్డాడు, నింద పడ్డాడు. దొంగ పట్టుబడ్డాడు. సరుకు అమ్ముడుపోయింది. ఇంకోవైపు ఇంగ్లీషు మాటలకి ‘అవు’ చేర్చి బోలెడు తయారు చేసుకున్నాం: అరెస్టయ్యాడు, సస్పెండయ్యాడు, ట్రాన్స్‌ఫరయ్యాడు, సెలెక్టయ్యాడు. వీటన్నిటికంటే ఎక్కువ వాడేది కర్తని ఎగరగొట్టి క్రియను బహువచనంలో పెట్టటం. ‘మా వీధిలో కుళాయి వేశారు.’ ‘నన్ను రేపు రమ్మన్నారు.’ ఎవరు వేశారు, ఎవరు రమ్మన్నారు అని ఎవరూ అడగరు. ఇంగ్లీషు ప్యాసివ్‌లో సగానికి సగం పని మనకి యీ ‘ఆరు’ చేసిపెడుతోంది.

విద్యార్థుల తప్పులు పుట్టేది సరిగ్గా ఇక్కడే. నోట్సులు దిద్దుతూ ఎన్నో ఏళ్ళుగా నేను చూస్తున్నవి, మార్పిడి అభ్యాసం ఎంత చేయించినా పోనివి, యివే.

‘సెలెక్టయ్యాను’లో ‘అయ్యాను’ వుంది. అందులో ప్యాసివ్ అంతా యిమిడి వుంది. విద్యార్థి ఆ ‘అయ్యాను’ని వదిలేసి ‘సెలెక్ట్’కి ‘ఎడ్’ తగిలిస్తాడు. ‘ఐ సెలెక్టెడ్’. ‘మా అన్నయ్య విజయవాడ ట్రాన్స్‌ఫరయ్యాడు’ అన్నది ‘మై బ్రదర్ ట్రాన్స్‌ఫర్డ్ టు విజయవాడ’ అవుతుంది. ‘గుంటూర్లో పుట్టాను’ అన్నది ‘ఐ బార్న్ ఇన్ గుంటూర్’ అవుతుంది. దీనికి పత్రికలు కూడా తమ వంతు సాయం చేస్తాయి. ఇంగ్లీషు పేపరు పెద్దక్షరాల్లో ‘త్రీ అరెస్టెడ్’ అని వేస్తుంది. చోటు చాలక ‘వర్’ తీసేశారని మన కుర్రాడికి ఎవరూ చెప్పలేదు. పేపర్లో వచ్చిందే గదా అని తనూ తీసేస్తాడు.

దీనికి తలకిందుల తప్పు ఇంకొకటుంది. ‘యాన్ యాక్సిడెంట్ వాజ్ హాపెన్డ్.’ ‘హిజ్ ఫాదర్ వాజ్ డైడ్.’ జరగటం, చనిపోవటం ఎవరూ చేసే పనులు కావు, మనిషికి సంభవించేవి. చేసినవాడు లేడు కనుక ప్యాసివ్ అయివుంటుందని అతని తర్కం. తర్కం తప్పుపట్టలేం. కాని ప్యాసివ్ కావాలంటే ముందుకు జరపటానికి ఒక కర్మ వుండాలి. ‘హాపెన్’కీ ‘డై’కీ కర్మే లేదు. కర్మ వున్న క్రియల్లోనూ ‘హావ్’, ‘రిసెంబుల్’ లాంటివి కొన్ని లొంగవు, అవి వాడుకలో తెలుస్తాయి.

మూడోదానికి ఖరీదు ఎక్కువ. ‘ఐ ఆస్క్డ్ టు లీవ్’ అంటే నేనే వెళ్ళిపోతానని అడిగాను. ‘ఐ వాజ్ ఆస్క్డ్ టు లీవ్’ అంటే నన్ను వెళ్ళిపొమ్మన్నారు. తేడా ఒక్క ‘వాజ్’. ఇంటర్వ్యూలో పాత ఉద్యోగం సంగతి చెప్పుకునేవాడికి ఆ ఒక్క మాట మీద ఏమేమి ఆధారపడి వుంటాయో వూహించండి. యాజమాన్యం తీసేస్తే తనే మానేశానని చెప్పినవాడవుతాడు, లేదా తనంతట తను మానేసి, తీసేశారని చెప్పుకున్నవాడవుతాడు. ‘నాకు చెప్పారు’, ‘నన్ను అడిగారు’, ‘నాకిచ్చారు’ అన్న మన మాటలకి ‘ఐ వాజ్ టోల్డ్’, ‘ఐ వాజ్ ఆస్క్డ్’, ‘ఐ వాజ్ గివెన్’ జోడీలని, మార్చటాలూ గీర్చటాలూ లేకుండా, యథాతథంగా ఒక వారంపాటు నోటికి పట్టిస్తే చాలా ప్రమాదాలు తప్పుతాయి. మరి వ్యాకరణ పాఠాల్లో ‘ఐ’తో మొదలయ్యే ప్యాసివ్ వాక్యాలు ఎన్ని వుంటాయి? రాముడు, రావణుడు, పిల్లి, ఎలుక తప్ప.

ఇక ఎలా చెప్పాలి అంటారా? నాకు ఫలితం కనిపించిన దారి చెబుతాను.

ముందు మూడో రూపం. దాన్ని పట్టికగా బట్టీ పట్టించే లోపల, అది పిల్లలకి అప్పటికే తెలుసునని వాళ్ళకి చూపించాలి. హోటలు బోర్డు మీద ‘ఫ్రైడ్ రైస్’ వుంది, ‘బాయిల్డ్ ఎగ్’ వుంది. సీల్డ్ కవరు, అటెస్టెడ్ కాపీ, రైల్లో రిజర్వ్‌డ్ బెర్తు. వేయించిన అన్నం, ఉడకబెట్టిన గుడ్డు, సీలు వేసిన కవరు. వేయించింది అన్నం కాదు, అన్నాన్ని ఎవరో వేయించారు. మూడో రూపానికి యీ ‘పడ్డ’ అర్థం వుందని ఫ్రైడ్ రైసు దగ్గర అర్థమైతే ‘ది రైస్ ఈజ్ ఫ్రైడ్’ అన్నదానికి కొత్తగా చెప్పాల్సింది లేదు. తర్వాత కాలం. కాలమంతా మోసేది ‘బీ’ ఒక్కటే. ‘ఈజ్ ఫ్రైడ్, వాజ్ ఫ్రైడ్, విల్ బి ఫ్రైడ్, ఈజ్ బీయింగ్ ఫ్రైడ్, హాజ్ బీన్ ఫ్రైడ్’ అన్నిట్లోనూ అన్నం వేగింది ఒకేలాగ, మారింది ముందున్న మాట. ఇక్కడ ఆగాలి. ‘హాజ్ బీన్ బీయింగ్’ దాకా పోయి పిల్లల్ని హడలగొట్టేవాళ్ళున్నారు. దాన్ని ఇంగ్లీషువాళ్ళే తప్పించుకు తిరుగుతారు.

రెండోది, ఏదైనా తయారయ్యే పని చెప్పించటం. మా వైపు పిల్లలకి బెల్లం కన్న మంచి పాఠం లేదు. అనకాపల్లి బెల్లం మార్కెట్ పేరు వినని వాళ్ళుండరు, గానుగ ఆడటం చూసినవాళ్ళు తరగతికి నలుగురైనా వుంటారు. వాళ్ళని ముందు తెలుగులో చెప్పమనండి. ‘చెరకు నరుకుతారండీ. గానుగ ఆడి రసం తీస్తారు. రసాన్ని పెద్ద పెనంలో పోసి కాస్తారు. కాస్త సున్నం వేస్తారు. పైకి తేలిన తెట్టు తీసేస్తారు. పాకం వచ్చాక దింపి అచ్చుల్లో పోస్తారు.’ ఆ పిల్లవాడు ఒక్కసారి కూడా రైతు అని గాని, కూలీ అని గాని అనలేదు. అన్నీ ‘ఆరు’లే. ఇప్పుడు అదే ఇంగ్లీషులో: ‘ది కేన్ ఈజ్ కట్. ది జూస్ ఈజ్ బాయిల్డ్. ఎ లిటిల్ లైమ్ ఈజ్ యాడెడ్. ది స్కమ్ ఈజ్ రిమూవ్డ్.’ ఒక్క ‘బై’ కూడా లేకుండా పిల్లవాడు ఒక పేజీ ప్యాసివ్ మాట్లాడేశాడు, అది ప్యాసివ్ అని తెలియకుండానే.

ఆ ‘బై’ లేకపోవటం గమనించదగ్గది. క్వర్క్, ఆయన సహచరులు కలిసి 1985లో వెలువరించిన పెద్ద ఇంగ్లీషు వ్యాకరణం ప్రకారం ఇంగ్లీషు ప్యాసివ్ వాక్యాల్లో అయిదింట నాలుగు వంతులు ‘బై’ అనే ముక్కే లేకుండా వుంటాయి. మన అభ్యాసాల్లో మాత్రం ‘బై’ రాయకపోతే అర మార్కు కోత! అరుదుగా కనిపించేదాన్ని నిత్యమని నేర్పుతున్నామన్నమాట.

ఎన్.ఎస్. ప్రభు గారు 1979 నుంచి 1984 దాకా దక్షిణ భారతంలోని కొన్ని స్కూళ్ళలో బెంగుళూరు ప్రాజెక్టు నడిపారు. పిల్లలకి రైల్వే టైంటేబులో, మ్యాపో ఇచ్చి ఒక సమస్య తేల్చమంటే, వాళ్ళ బుద్ధి అర్థం మీద వున్నప్పుడు వ్యాకరణం దానంతట అదే లోపల కుదురుకుంటుందని ఆయన వాదం. నేను ఇందులో సగం ఒప్పుకుంటాను. బెల్లం పాఠం ఆ సగమే. మిగతా సగం ఎందుకు ఒప్పుకోనంటే, క్లాసు బయట ఇంగ్లీషు చెవిన పడని పిల్లవాడికి ‘వాజ్’ అనే చిన్న మాట దానంతట అది వినపడదు. ఒకసారి వేలు పెట్టి చూపించాలి. చూపించి, మళ్ళీ బెల్లం దగ్గరికి తీసుకుపోవాలి.

మూడో మెట్టు పెద్ద తరగతుల్లో. దీన్ని ఎవరూ చెప్పగా నేను చూడలేదు, చెప్పకపోవటం నష్టం.

ఇంట్లో చిన్నపిల్ల చేతిలోంచి గాజుగ్లాసు జారింది. వంటింట్లోంచి తల్లి “ఏమిటే ఆ చప్పుడు?” అంటే పిల్ల ఏమంటుంది? “గ్లాసు పగిలిందమ్మా” అంటుంది. పగలగొట్టాను అనదు. నాలుగేళ్ళ పిల్లకి యీ విద్య ఎవరు నేర్పారు! పగులు–పగలగొట్టు, విరుగు–విరుచు, తెగు–తెంపు అని తెలుగులో జంటలున్నాయి. మొదటిది వాడితే నేరం ఎవరి మీదా వుండదు. 1987 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రీగన్, ఇరాన్‌కి ఆయుధాలమ్మిన గొడవ మీద కాంగ్రెసు ముందు మాట్లాడుతూ పొరపాట్లు ‘వర్ మేడ్’ అన్నాడు. చేసిందెవరో ఆ వాక్యంలో లేదు. గ్లాసు పగిలిందమ్మా.

ఆఫీసు కాగితాలు యీ భాషలోనే నడుస్తాయి. ‘ఇట్ హాజ్ బీన్ బ్రాట్ టు ది నోటీస్ ఆఫ్ ది అండర్‌సైన్డ్’ అని మొదలయ్యే మెమో రేపు మీలో ఎవరికైనా రావచ్చు. మీ సంగతి ఆ కింద సంతకం పెట్టినాయన దృష్టికి తేబడింది. ఎవరు తెచ్చారు? ఏం తెచ్చారు? ఆ తర్వాత ‘యు ఆర్ హియర్‌బై డైరెక్టెడ్’ వస్తుంది. మెమో అందుకున్న కొత్త గుమాస్తా హడలిపోయి క్షమాపణ రాసేస్తాడు. ‘బ్రాట్’ దగ్గర ఆగి, దీనికి కర్త ఎవరు అని అడగటం తెలిసినవాడు ముందు ఫిర్యాదు ప్రతి యిమ్మని రాస్తాడు. పదో తరగతిలో కర్తని కర్మగా, కర్మని కర్తగా వందసార్లు మార్చినవాడికి కర్త కనిపించని చోట వెతకాలన్న ఆలోచన రాకపోవటం విడ్డూరమే.

ఇది విని ప్యాసివ్ అంటేనే దొంగ వేషమని అనుకోకండి. అలా అన్న పెద్దలున్నారు. అమెరికాలో స్ట్రంక్ 1918లో రాసిన చిన్న పుస్తకం యాక్టివే వాడండి అంది. మన దేశంలోనే మోతీహారిలో పుట్టిన జార్జి ఆర్వెల్ కూడా 1946లో రాజకీయాల ఇంగ్లీషు మీద ఒక వ్యాసం రాసి, యాక్టివ్‌తో పని జరిగే చోట ప్యాసివ్ జోలికి పోవద్దన్నాడు. ఆ వ్యాసంలోనే ప్యాసివ్‌లు పుష్కలంగా వున్నాయి! అవసరమైన చోట రాకుండా వుండవు.

సైన్సు విద్యార్థులకి యీ తగువు రికార్డు పుస్తకంలో ఎదురవుతుంది. ‘ఐ ఫిల్డ్ ది బ్యూరెట్’ అని రాస్తే కొందరు డెమాన్‌స్ట్రేటర్లు ఎర్రసిరాతో కొట్టేస్తారు. ‘ది బ్యూరెట్ వాజ్ ఫిల్డ్’ అని వుండాలి. కారణం సబబైనదే. బ్యూరెట్ ఎవరు నింపినా రీడింగు ఒకటే రావాలి, నింపినవాడి పేరుతో పని లేదు. కాని దీన్నొక మడిగా పాటించనక్కర్లేదు. డి.ఎన్.ఎ. నిర్మాణం మీద వాట్సన్, క్రిక్ 1953లో ‘నేచర్’ పత్రికలో వేసిన పత్రం ‘మేము’ అనే మాటతోనే మొదలవుతుంది. ఆ పత్రిక యీనాడు రచయితలకిచ్చే సూచనల్లో కూడా యాక్టివ్‌కే మొగ్గు. పద్ధతి ఎవరు చేసినా ఒకటే అయిన చోట ప్యాసివ్, ఇది మా ఆలోచన, మేము జవాబుదారులం అని చెప్పుకోవలసిన చోట ‘వి’. కెమిస్ట్రీ లాబులో యీ తేడా చెప్పటానికి ఇంగ్లీషు లెక్చరరే రానక్కర్లేదు.

ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకి ఒక్క మనవి. ‘మార్చుము’ అనే ప్రశ్న తీసేసి, దాని బదులు ఒక చిన్న పేరా యివ్వండి. అందులో రెండు చోట్ల ఖాళీ వదిలి, క్రియ మాత్రం చెప్పి, ఏ రూపం నప్పుతుందో రాయమనండి. లేదా ఒక నోటీసు యిచ్చి, ఇందులో పని చేసినవారెవరో చెప్పని వాక్యాలేవి, ఎందుకు చెప్పలేదు అని అడగండి. దిద్దటం కాస్త కష్టమే. కాని గైడు కొనుక్కుని బట్టీ పట్టటం అంతకన్నా కష్టమవుతుంది.

నోటీసులకి మన దగ్గర కరువు లేదు. కాలేజీ నోటీసు బోర్డు ముందు పది నిమిషాలు నిలబడితే నెల రోజుల పాఠానికి సరిపడా ప్యాసివ్ దొరుకుతుంది. ఫీజు కట్టనివారు ‘విల్ నాట్ బి అలౌడ్’, సైకిళ్ళు ‘షుడ్ బి పార్క్డ్’, ఫలానా విద్యార్థి ‘ఈజ్ ఫైన్డ్’. వీటి కింద ‘బై హూమ్?’ అని పెన్సిలుతో రాసి పోయే చిలిపివాళ్ళు మనలో వున్నారు, ఎవరో నేనడగను. ‘ది ఎగ్జామినేషన్స్ హావ్ బీన్ పోస్ట్‌పోన్డ్’ అన్న నోటీసు కింద మాత్రం ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ రాయగా చూడలేదు.